ఉతక్కూడని బట్ట

మా అమ్మకు ఏ బట్టయినా
ముందు మురికి కనపడుద్ది,
తర్వాతే రంగు.

చీమకుర్తి క్వారీలో రాయి కోసేవాళ్ళ చొక్కాలు
మధ్యాహ్నానికే అట్టలు కట్టేవి.
సాయంత్రానికి మూటలై మా గడపలో దిగేవి.
చౌడు కలిపి, బానలో ఉడకేసి,
రాయి తీసి వదిలేసిన గుంతలో
నిలిచిన వాననీళ్ళ దగ్గర
అమ్మ వాటిని బండకేసి బాదేది.
ఆ చప్పుడు అవతలి రాతిగోడకు తగిలి
ఒక దెబ్బ ఆలస్యంగా తిరిగొచ్చేది,
ఎదుటి ఒడ్డున ఇంకో చాకలామె ఉన్నట్టు.

ఆ నీళ్ళే మాకు కూడు.
ఆ నీళ్ళ అంచునే, నీడపట్టున,
వెంట్రుకంత పురుగులు
నీటి మట్టానికి సమంగా పడుకుని ఉండేవి.
"తలకిందులుగా వేలాడితే వేరే దోమ,
పడుకుంటే చలిజరం దోమ"
అని గరిటెతో ముంచి చూపించింది కాలేషా సారు.
పాత సైకిలు, కాకీ సంచి,
ఎవరింట్లోనూ మంచినీళ్ళు తప్ప ఏదీ పుచ్చుకోడు.

ఆయన వచ్చేసరికే మా వెంగమ్మ లేదు.

దినం తప్పించి దినం వచ్చేది దానికి జరం,
ఉతికిన బట్టల కోసం వచ్చే ఆసామిలా
చెప్పిన పూటకి.
ఆఖరి రాత్రి మా దుప్పటి చాలక
మూటలు విప్పి ఊరోళ్ళ దుప్పట్లు కప్పాం,
మేస్త్రీ గారి శాలువాతో సహా.
ఏడిళ్ళ గుడ్డల కింద వణికింది పిల్ల.
మట్టి చేసొచ్చిన మర్నాడు
అమ్మ ఆ ఏడూ ఉతికి, మడతలు పెట్టి
ఎవరివి వాళ్ళకి ఇచ్చొచ్చింది.
ఎవరికీ ఏమీ చెప్పలేదు.

కాలేషా సారు బేసిన్ దించాడు.
చేతులకు రబ్బరు తొడుగులు.
నీళ్ళు కొలిచి, మందు కొలిచి
దోమతెర ముంచాడు.
గుమ్మానికి కట్టే అమ్మ పాత చీర కూడా
అడిగి తీసుకుని ముంచాడు.
"ఎండలో వెయ్యొద్దమ్మా, నీడన పరువు.
ఆరు నెలలు ఉతకొద్దు."

అమ్మ నవ్వింది,
వెంగమ్మ పోయాక అదే మొదలు.
"చాకలిదాన్ని పట్టుకుని ఉతకొద్దంటావా సారూ?
రేపు ఊరు ఏమనుకుద్ది?"
"ఊరు కాదమ్మా, దోమ ఏమనుకుద్దో చూసుకో."

రాత్రి నేనూ తమ్ముడు సింగయ్యా తెరలోపల.
దీపం ఆర్పితే
సన్న కన్నాల్లోంచి వీధి బల్బు వెలుగు
పొడిపొడిగా రాలేది.
మా నల్లరాయిలో చుక్కలుంటాయే, అట్టా.
క్వారీ బండ లోపల పడుకున్నట్టుండేది నాకు.
తెల్లారి తెర చుట్టూ
చీపురుకు తగిలిన దోమల్ని
అమ్మ రాళ్ళేరినట్టు ఏరి లెక్కపెట్టేది.

మూడో నెలకి తెర బూడిదరంగు తిరిగింది.
రాతిదుమ్ము, సింగయ్య పాదాల జాడలు,
ఒకచోట పప్పు మరక.
ఆ మరక దగ్గర అమ్మ చెయ్యి ఆగేది.
వేళ్ళు రెండూ రుద్దబోయి, ముడుచుకుని,
కొంగులోకి పోయేవి.
ఊరి మురికంతా వదిలించే మనిషి
ఇంట్లో ఒక్క మరకను కాపలా కాసింది.

ఊళ్ళో ప్రతి ఇంటి బట్టకీ జీడిగుర్తు ఉంది.
కరణం గారిది కొడవలి, మేస్త్రీ గారిది కట్టె.
మా బట్టలకు గుర్తు లేదు,
మిగిలినవి మావి, అంతే.
ఒకరోజు జీడిరసంలో పుల్ల ముంచి
తెర మూలన చుక్కలు పెట్టింది అమ్మ.
మూడు.
ఇద్దరమే కదమ్మా అనబోయి
సింగయ్య నా మొహం చూసి ఊరుకున్నాడు.

ఆరో నెల సైకిలు బెల్లు వినపడగానే
తెర విప్పి చంకన పెట్టుకుని ఎదురెళ్ళింది.
"చేతులు దురదపెడతన్నయ్ సారూ,
ఇవాళన్నా ఉతకనీ."
"ఉతుకు. ఉతికాకే మళ్ళీ మందు.
ఆ నీళ్ళు మాత్రం గుంతలో పొయ్యకు,
చేపలు చస్తయ్."

రెండు బకెట్లు తోడుకుని
గుంత ఒడ్డున, బండ పక్కనే కూర్చుంది.
బండ మీదికి ఎత్తలేదు.
ఒళ్ళో వేసుకుని, దోసిలితో నీళ్ళు పోస్తూ
చాలాసేపు, తలంటుతున్నట్టు.
మూటలన్నీ అట్టాగే ఉండిపోయినయ్.

ఆ పూట
అవతలి ఒడ్డున కూడా ఎవరూ ఉతకలేదు.