రబ్బరు ముద్ర

ముప్పై రెండేండ్లు ఈ పంచాయతి దఫ్తరు తాళంచెవి
నా మొలతాడుకే ఉండె.
ఊర్లు మూడు, ముద్ర ఒకటి.
దాని మీద సిర్సవాయి పేరొక్కటే,
మరాఠీ అక్షరాల్ల, చివరిది సగం అరిగి.

కొత్తచెల్కోళ్ళు దానికే అలిగి
రెండుసార్లు గ్రామసభకు రాలే.
మాడ్యగూడెం మడావి లాల్సు నవ్విండు:
"మా ఊరు కాయితమెక్కక ముందు గూడ
వాన పడ్డది గదా."

బీరువాల పాత మూట ఇప్పితే
చెదల మన్ను రాలుతది.
అడుగున ఉర్దూ, చదివేటోడు లేడు.
దాని మీద ఎవరో దొర సంతకం, తోక బారెడు.
ఆ మీద నాగపూరు, ఆ మీద బొంబాయి.
మేం కదల్లే.
పొద్దున లేస్తే అదే ప్రాణహిత, అదే చల్లనీళ్ళు.

ఒక తలాఠీ దుర్గమోళ్ళను దుర్గే అని రాసిండు.
ఆ ఒక్క గీతకు
అన్నదమ్ములు రెండు ఇంటిపేర్లయిన్రు.
చావొస్తే మాత్రం ఇద్దరికీ ఒక్కటే మైల.

ఇగ ఆ యెండాకాలం.
తునికాకు కట్టలు కల్లంల ఉండంగ
కొత్తచెల్క అంటుకున్నది.
అహేరి నుంచి అగ్గిబండి వచ్చేసరికి
చాయ తాగి మర్లిపోయేంత పనే మిగిలింది దానికి.
ఏటి నుంచి ఊరి దాక మనుషుల వరుస.
బిందెలు, బకీట్లు, పెండ్లి వంట గంజులు.
సిర్సవాయి చేతుల నుంచి మాడ్యగూడెం చేతులకు,
ఆడికెల్లి ఇంకెవరి చేతులకో, పొగల కనపడలే.
నా ఎడమ దిక్కు తోడల్లుడు బొల్లయ్య,
ఏడేండ్లాయె మాటల్లేక.
బిందె అందిచ్చుకుంట అన్నడు,
"పైలం, అంచు కోస్తది."

తర్వాత ఇంటికింత చందా ఏసి
డీజిలు ఇంజను తెచ్చినం.
పైసల్లేనోళ్ళు ఇప్పపువ్వు కొలిచిన్రు.
రశీదుల మీద ముద్ర కొట్టింది నేనే.
కొత్తచెల్కోళ్ళు ఆ రోజు పేరు సంగతి ఎత్తలే,
మర్నాడు ఎత్తిన్రు.
ఇంజను ఏ ఊర్ల పెట్టాలె అని
ఇంకా కొట్లాడుతనే ఉన్నరు.
యేడాదికోసారి దాన్ని తిప్పి చూస్తరు,
పైపు పట్టేతందుకు గూడ కొట్లాటే.

ఇప్పుడంత కంప్యూటరు.
పాత ముద్ర అక్కెర లేదని
గ్రామసేవక్ నా చేతులనే పెట్టిండు,
పింఛను కాయితంతో పాటు.

నిన్న మనుమరాలు దాన్ని ఉమ్మితో తడిపి
మోచేతి మీద గట్టిగ ఒత్తుకున్నది.
పేరు పడలే.
గుండ్రం పడ్డది.