పదిహేడో టేపు

వెల్లింగ్టన్‌లో గాలికి సెలవుండదు.
మూడు తలుపులు దాటి ఈ నేలమాళిగలోకీ వస్తుంది,
చెవి పక్కన ఏదో గొణుగుతుంది.
అందుకే ముందు దాన్నే అనుమానించాను.

నా పని దుమ్ము దులపడం.
రేడియోవాళ్లు పారేయడం మరిచిపోయిన లక్కపూత రికార్డులు,
గోధుమరంగు టేపులు.
పులిసిన వాసన వేసేవి ముందు, మిగతావి తర్వాత.
ఈ వారం వంతు హెర్మీనె కోర్న్‌ఫెల్ట్‌ది.
పెట్టె మీద ఎవరో పెన్సిల్‌తో
"పియానో, శరణార్థి" అని రాశారు,
రెండూ వాయిద్యాలే అయినట్టు.

మొదటి రికార్డు, నలభై మూడు, జూలై.
రెండు వందల ఏళ్ల నాటి ఫ్యూగ్.
ఒక గొంతు వెళ్తుంటే వెనకే ఇంకోటి,
దాని వెనక మూడోది,
సరిహద్దు దగ్గర వరసలో నిలబడ్డవాళ్లలా
ఎవరి కాగితం వాళ్లు చదువుకుంటూ,
ఒకర్నొకరు తోసుకోకుండా.

ఎడమవైపు మెట్లలో ఒకటి పలకదు.
ఏదో చర్చి వద్దనుకున్న పియానో అది.
ఆ చోటు వచ్చినప్పుడల్లా
ఆ స్వరాన్ని ఆమే మెల్లగా ముక్కుతో అంటుంది.
ఎవరికీ వినపడదనుకుంది కాబోలు.

అప్పట్లో మంగళవారం మంగళవారం
ఠాణాకి వెళ్లి సంతకం పెట్టాలి, శత్రుదేశపు మనిషి గనక.
ఇంట్లో రేడియో ఉండకూడదు.
రాత్రి ఎనిమిదింటికి ఊరు ఊరంతా తన వేళ్లు వింటుంటే
తను అద్దెగదిలో స్వెటర్ మోచేతికి అతుకు వేసుకుంటూ
గోడవతల ఇంటావిడ రేడియోకి చెవి ఒగ్గేదట.
రికార్డు చేసిన అలిస్టర్ మక్‌ఫేల్ కూతురు చెప్పింది.
ఆ ఇంటావిడకి గుర్రప్పందేలంటేనే ఇష్టమని కూడా.

అరవై రెండుకి ఆ వేళ్లు ఇంకో భాష నేర్చాయి.
పదిహేడో టేపు.
శ్రుతి లేదు, తాళం లేదు,
లేవనడానికీ లేదు.
మోచేత్తో పది మెట్లు ఒక్కసారే.
తర్వాత నలభై సెకన్లు ఏమీ లేదు.
కుర్చీ కిర్రుమంటుంది.
ఊపిరి.
తర్వాత, తీగల లోపల్నించి, సన్నటి గలగల.

తెర మీద ముల్లులా కనిపించింది. కోసేశాను.
ఇంకోటి. కోసేశాను.
మధ్యాహ్నానికి నూట పన్నెండు కోతలు.
టేపు తోమిన కంచంలా మెరిసింది.
కంచంలో అన్నం లేదు.

పెట్టె సర్దుతుంటే అడుగున ఓ కవరు.
లోపల ఏడు నాణేలు, అలిస్టర్ చేతిరాత:
"గలగల లోపం కాదు.
తీగల మధ్య ఆవిడ పెట్టినవి ఇవే.
ఏది ఎక్కడ పెట్టాలో వెనక గీశాను.
దయచేసి తీసేయకండి."

ఒస్త్రావా నుంచి కోటు అంచులో కుట్టుకొచ్చినవి,
కిటికీ తెరిస్తే పియానో మెట్ల మీద
బొగ్గునుసి పడే ఊరట అది.
ఇక్కడికి చేరేసరికి అక్కడ రాజ్యం మారింది,
బ్యాంకు గుమాస్తా గాజు కింద నుంచి
ఒక్క వేలితో వెనక్కి తోశాడు.
చెల్లని కాసుకి గీతలెక్కువంటారు.
ఎన్నుంటేనేం,
ఐదు చాలు, వాటి మీద సంగీతం రాసుకోవచ్చు.
ఇరవై ఏళ్లు దాచి
ఆమె వాటిని ఇక్కడ ఖర్చుపెట్టింది.

నూట పన్నెండు కోతలూ విప్పేశాను.
రాత్రయింది.
ఒక నాణెం నా వేలికి నల్లగా అంటింది.
బొగ్గు కాదు, వట్టి చిలుమే, తెలుసు.
అయినా వెంటనే కడుక్కోలేదు.

లోపాలు అన్న గడిలో "లేవు" అని రాశాను.
ఇంకోసారి విన్నాను.
తొమ్మిదో నిమిషంలో ఓ హోరుంది,
ఆమెది కాదు, ఆ రోజు కిటికీ సరిగా వేయలేదు,
అది ఉత్త గాలి.
దాన్నీ ఉండనిచ్చాను.