సీసాలో దూది

కర్నూలు పెద్దాసుపత్రి నుంచి వచ్చేటప్పుడు
మాత్రల సీసాలో దూది కుక్కేదాన్ని.
ఆదోని జిన్నింగు మిల్లులో పనిచేసేదానికి
దూదికి కరువా?
బస్సు గుంతలో పడితే సీసా గలగల్లాడకూడదు,
అంతే.

బెంగుళూరికి బేల్దారి పనికి పోయిన మొగుడు
సిమెంటు రంగు తేలి తిరిగొచ్చె.
ఆయన్ను మట్టి చేసినంక
నాకూ సూది పొడిచి సూసిరి.
రెండేండ్లు అన్న్యాడు డాక్టరు,
నా తట్టు కాదు, గోడ తట్టు సూసి.
మాయత్త నా చెంబూ తట్టా ఏరే పెట్టె,
గుర్తుకు ఎర్రదారం కట్టె.

పదిహేడేండ్లాయె.
ఆ దారం ఎప్పుడు తెగెనో తెలీదు.
ఆయమ్మ కడపటి గుక్కెడు
ఆ చెంబుతోనే తాగె, నేనే పోస్తి.
కోపం ఉన్నిందా అప్పుడు? ఉన్నింది.
చెయ్యి మాత్రం వణకలే.

క్యూలో నా ముందర నిలబడే సుంకులమ్మ
"అక్కచెల్లెండ్ల కన్నా దగ్గరోళ్లం మే,
ఒకే మాత్ర తింటాం" అని నగేది.
ఒక నెల రాలే.
టోకెను పిలిచి పిలిచి
పుస్తకం పక్కన పెట్టిరి.
ఆ నగు నాకాడ మిగిలె,
యాడ పెట్టుకోవాలో తెలీక.

నిన్న దూది మరిచిపోతి.
కోడుమూరు దాటినాక మొదలాయె సప్పుడు.
పక్కనామె అడిగె, "ఏందక్కా అది?"
మాత్రలు.
"ఏంటికి?"
బతికేదానికి.

ఇంకేమీ అడగలే.
ఒళ్లోని ఏంచిన సెనక్కాయలు
సగం నా కొంగులో పోసె.
గోనెగండ్ల దాకా వలుచుకుంటా వస్తిమి,
పొట్టు ఒకే కిటికీలోంచి పారేసుకుంటా.
సీసా పాటికి సీసా
మోగుతానే ఉన్నింది.