మీగడ రంగు గది

షేడు కార్డులో దాని పేరు ఉదయపు మీగడ.
వేలెడంత ముక్క చూసి మురిసిపోయాం
నేనూ ఆరోగ్యరాజూ.
చీటీ పాడి తెచ్చిన డబ్బు
సగం గచ్చుకి, సగం గోడలకి.
ప్లైవుడ్డు అలమరా కూడా ఒకటి చేయించాం,
డబ్బు మిగిలి కాదు,
స్టెల్లా పుస్తకాలు ఎలకలు కొరికేస్తున్నాయని.

తలుపు తీస్తే మీగడ లేదు.
కిరసనాయిలు, వార్నీషు, కాలిన బకెట్టు,
ఆస్పత్రి వరండా
అన్నీ కలిపి ముక్కులో పోసినట్టు.
కళ్లు మండి
కొత్త గోడ సరిగ్గా చూడనే లేదు.

ఆషాఢం. ఈ ఊళ్లో గాలికే చెమట పడుతుంది.
ఉతికిన లంగాలు మూడు రోజులైనా ఆరవు,
గోడలేం ఆరతాయి?

కిటికీ తీసి పెట్టు అంది పక్కింటి ఫిలోమినా.
జ్ఞానాపురంలో ఆ మాట అనడమే తేలిక.
మా కిటికీ అవతల రైలు పట్టాలు,
పట్టాల అవతల పోర్టు,
పోర్టులో గుట్టలు గుట్టలుగా బొగ్గు.
పూట తీసి ఉంచితే
మీగడ మీద మసి.
వేలితో గీస్తే గీత పడింది.
మూస్తే రంగు, తీస్తే బొగ్గు.
మీకు ఏది కావాలమ్మా అని
ఎవరో మళ్లీ షేడు కార్డు పట్టుకు నిలబడ్డట్టుంది.

ఉల్లిపాయలు కోసి పళ్లెంలో పెట్టమంది మళ్లీ ఫిలోమినాయే.
తెల్లారేసరికి ఉల్లివాసనా రంగువాసనా
ఒకే గదిలో కాపురం పెట్టాయి.
కాసిని బొగ్గులు మూలనుంచండి, పీల్చేస్తాయి
అన్నాడు ఇస్త్రీ బండి సన్యాసి.
బొగ్గులా!
ఆ ఒక్కటీ మేం కొనక్కర్లేదు.

మూడో రాత్రి స్టెల్లా గుండెలో పిల్లికూతలు.
కేజీహెచ్‌లో దాని మూతికి ఆవిరి మాస్కు పెట్టి
ఇంట్లో ఎవరైనా సిగరెట్లు కాలుస్తారా
అనడిగింది డాక్టరమ్మ.
లేదండి, గోడలు కాలుస్తున్నాయి
అన్నాడు ఆరోగ్యరాజు.
ఆవిడ నవ్వలేదు.
పిల్లని ఆ గదిలో పడుకోబెట్టకండి, అంతే.

ఉన్నదంతా పోసి బాగుచేసుకున్న ఇల్లు కిందా,
టార్పాలిను వేసుకుని మేం మేడ మీదా.
దూరంగా డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతుంటే
స్టెల్లా లెక్కపెడుతుంది.
లెక్క ఆగితే నిద్రపోయిందని గుర్తు.
ఒకరాత్రి అడిగింది,
అమ్మా, ఆ కొండముక్కుకి వాసనొస్తుందా?
రాదేమో.
వస్తే ఊరివైపు తిరిగేది కదా,
అలా సముద్రంలోకి పెట్టుకుని ఎందుకు కూర్చుంటుంది?

నాకు నిద్ర పట్టేది కాదు.
ఈ ఊళ్లో తెల్లారుజామున కొత్త వాసనొస్తే
మనుషులు కారణం అడగరు,
పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెడతారు.

పదకొండో రోజు
మిగిలిన డబ్బు కోసం వచ్చాడు పెయింటర్ గౌరునాయుడు.
వాసన పోవట్లేదయ్యా అన్నాను.
గది మధ్య నిలబడి
గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు.
"ఏ వాసనమ్మా?"

ఎగతాళేమో అనుకున్నాను. కాదు.
"ఇరవై రెండేళ్లయిపోనాది ఈ పన్లోకొచ్చి.
మా ఇంటిది ఎండు నెత్తళ్లు ఏపినా నాకు తెలీదండి.
కూర మాడిపోతంటే పక్కనే కూకుంటాను,
అదొచ్చి అరిస్తేగానీ..."
అతని గోళ్ల చివర
మా మీగడ ఎండి ఉంది.
పన్నెండొందలు లెక్కపెట్టి ఇచ్చాను.
ముక్కుకేదైనా కట్టుకోవచ్చుగా అనబోయి
ఊరుకున్నాను.
బేరమాడి రెండొందలు తగ్గించింది నేనే.

పంతొమ్మిదో రోజు తలుపు తీస్తే
ఏమీ లేదు.
పోయింది, అన్నాడు ఆరోగ్యరాజు చేతులు చాపి.
నేను వంటింట్లోకి పరిగెత్తి
కాఫీ డబ్బా మూత తీశాను.
పోయింది వాసనో నా ముక్కో
తేల్చుకోవాలి కదా.
కాఫీ కాఫీలాగే ఉంది.
అయినా నమ్మకం చాలక స్టెల్లాని పిలిచాను.

గుమ్మంలో నిలబడి ముక్కు పైకెత్తింది.
గోడలు దాటింది, కిటికీ దాటింది,
వెళ్లి అలమరా తలుపు తీసి
తెలుగు వాచకం మధ్యలో మొహం పెట్టింది.
"ఇక్కడ దాక్కుందమ్మా."

నిజమే.
ఎలకలు కూడా ఇప్పుడు
ఆ పుస్తకాల జోలికి రావడం లేదు.