లిఫ్టు గుంటలో కప్ప

భీమవరంలో మూడడుగులు తవ్వితే చాలు
గోదారి పలుకుతుంది.
లిఫ్టు గుంట ఐదడుగులు.
అందుకే నా తనిఖీ ఎప్పుడూ
ప్యాంటు మోకాళ్ల పైకి మడవడంతో మొదలవుతుంది.

దొరబాబు గడప దగ్గర తలుపు తెరిచి పట్టుకుంటాడు.
టార్చి పళ్లతో కరుచుకుని నేను దిగుతాను.
తుప్పెక్కిన స్ప్రింగు మీద ఒక కప్ప
పాతకాలపు కరణంలా కూర్చుని
నన్నే తనిఖీ చేస్తుంది.

ఇది అపార్టుమెంటు లిఫ్టు, తాళ్ల మీద నడిచేది.
పైన గదిలో గవర్నరని ఒక చక్రం ఉంది.
వేగం హద్దు మీరితే పట్టి ఆపాలి.
పదకొండేళ్లుగా ఒక్క రోజూ పని పడని ఉద్యోగి.
నెలనెలా వెళ్లి లేపి చూస్తాను,
బతికే ఉన్నావా అని.

రొయ్యల చెరువుల రాజుగారింట్లో అద్దాల లిఫ్టు.
నూనె ఒత్తిడికి
పేరంటానికి బయల్దేరిన ఆవిడలా తీరుబడిగా లేస్తుంది.
ఆసుపత్రిలో స్ట్రెచర్ లిఫ్టు పొడుగ్గా ఉంటుంది,
అందులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.
ఐసు ఫ్యాక్టరీ సరుకు లిఫ్టు మీద
'మనుషులు ఎక్కరాదు' అని ఎర్రరంగుతో రాసుంది.
ఆ రాత కిందే నిలబడి ఎక్కుతారు మనుషులు.

బట్టల కొట్లో ఎస్కలేటరు కొత్తది.
మొదటి వారమంతా మొదటి మెట్టు దగ్గర
ఊరు ఆగిపోయింది.
చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కినవాళ్లున్నారు.
సూరాయమ్మ గారైతే పక్కనున్న పిడి పట్టుకుని
కాలు వెయ్యడం మరిచిపోయి
"ఇదేటి నాయనా, నాకంటే ముందు
నా చెయ్యెళ్లిపోతందీ!" అని కేకేశారు.

మెట్లు నేలలోకి దూరే చోట దువ్వెన ఉంటుంది.
దువ్వెననే అంటాం.
దాని పళ్ల మధ్య జరీ పోగు,
పట్టీ మువ్వ, రబ్బరు చెప్పు అంచు.
రెండు పళ్లు విరిగున్నాయి.
రెండే.
చీర కుచ్చిళ్లకి రెండు చాలు.

"శ్రావణమాసం అండీ. సంతకం పెట్టేయండి,
పెళ్లిళ్లు అయ్యాక మార్పిద్దాం, ఆయ్."
కాఫీ వచ్చింది.
వెనకాలే ప్యాంటు గుడ్డ కూడా వచ్చింది.

మా నాన్న బుల్లెబ్బాయి కొబ్బరి చెట్లెక్కేవాడు.
తెల్లారి లేచి మోకు తీసి
ముడి ముడికీ వేలు పోనిచ్చి,
కాలితో తొక్కిపట్టి లాగి,
వాసన కూడా చూసేవాడు.
కుళ్లే పీచు ముందు ముక్కుకే చెబుతుందట.
ఒకసారి దింపుకి వచ్చి పిలుస్తుంటే
"మోకు బాగోలేదు, రేపొస్తా" అన్నాడు.
ఆ పూట మాకు గంజి.
నలభయ్యేళ్లు ఎక్కాడు, పడలేదు.
పడలేదని ఎవరూ చెప్పుకోలేదు.
పడని మనిషికి కథేముంటుంది?

అంతకు ముందు మా తాత
లాకుల్లో పడవతో సహా పైకి లేచేవాడు.
తలుపులు మూసి, నీరు నింపి,
బియ్యం బస్తాలూ చుట్ట పొగా అన్నీ కలిపి
గోదారే ఎత్తేది.
ఆ లాకులకీ ఎండాకాలం కాలవ కట్టేసి
తలుపుల కీళ్లు చూసేవాళ్లు,
నీళ్లో అని చేలు నోళ్లు తెరిచినా సరే.

కాఫీ తాగాను. గుడ్డ అక్కడే వదిలేశాను.
ఎస్కలేటరుకి గొలుసు కట్టి
'పని చేయదు' బోర్డు తగిలించాను.
దువ్వెన చెన్నై నుంచి రావడానికి నాలుగు రోజులు.
ఆ నాలుగు రోజులూ సూరాయమ్మ గారు
మామూలు మెట్లెక్కుతూ, మోకాళ్లు పట్టుకుంటూ,
నా వంశాన్ని పేరుపేరునా తలుచుకున్నారు.

అపార్టుమెంటు రిజిస్టరులో రాశాను:
గుంటలో నీరు తోడించవలెను.
రెండో తాడు, మూడు పోగులు తెగినవి, మార్చవలెను.
కప్ప గురించి రాయడానికి గడి లేదు.

దొరబాబు దాన్ని పెయింటు డబ్బాలో పెట్టి
కాలవ గట్టున వదిలొచ్చాడు.
వచ్చే నెలకి మళ్లీ అదే స్ప్రింగు మీద ఉంటుంది.
ప్యాంటు మడిచి
నేనూ ఉంటాను.