పిల్లి పద్దు

షార్జా రోలాల, బస్సులు తిరిగే మూల మీద
ఏడు దుకాణాల లెక్కలు రాస్త నేను.
రాసేదాన్ని, అనాలె ఇప్పుడు.
మూడే మిగిలినయి.

గుల్జమీన్ దర్జీ బిల్లులు కత్తెర కింద ఉంటయి.
కొలతలు రాసిన చీటీ వెనుకనే కరెంటు ఖర్చు.
మెడ పదిహేనున్నర, కరెంటు మూడు వందల పది,
ఛాతీ నలభై, దారం నలభై.
ఏది ఛాతీయో ఏది దారమో
నాకు తెలుసు.

కుంజుమోన్ చాయ్ హోటల్ల
లెక్కంతా అట్టపెట్టె మూత మీద.
మూడు నెలలకోసారి ఆ మూత చించి ఇస్తడు.
"చేచీ, ఇదే నా ఆఫీసు" అంటడు.
నూనె మరకల నడుమ అంకెలు ఏరుత,
మా నాయిన నిజామాబాద్ పసుపు మండీల
కొమ్ముల నడుమ మట్టిపెళ్లలు ఏరినట్టు.

మండే ఎండల్ల వచ్చింది కంపెనీ.
బూట్లు మెరిసే పిల్లగాడొకడు
చెమట కారుకుంట దుకాణం దుకాణం తిరిగిండు.
నెలకు తొంభై తొమ్మిది దిర్హాములు,
మొదటి రెండు నెలలు ఉత్తగనే,
ఫోన్ల యాప్, ఫోటో కొడితే చాలు,
జరిమానా పడితే మాదే పూచీ.
వాని మీద కోపం తెచ్చుకుందామంటే
వాడు నన్నే అడిగిండు తాగ నీళ్లు.
ఇచ్చిన.

నాది రెండు వందల యాభై.
అందుల పర్మిట్ ఖర్చు, బస్సు కిరాయి,
వ్యాట్ గడువు ముందటి రాత్రి నిద్ర.
పూచీ అనే మాట నా సంచిల లేదు.
జరిమానా పడితే
నేను, దుకాణపాయన కూసోని ఇద్దరం తిట్టుకుంటం.
గదే నా గ్యారంటీ.

కుంజుమోన్ చెప్పలేక చెప్పిండు.
ముందుగాల రెండుసార్లు చాయ్ పోసిండు.
"చేచీ, నెలకు నూట యాభై మిగులుతది.
గ్యాస్ బండకు పనికొస్తది."
నూట యాభై కాదు, నూట యాభై ఒకటి అన్న.
నోరు ఊరుకోదు.

నెలన్నరకు వరంగల్ నుంచి ఫోను.
ఆడపిల్ల గొంతు, వెనుక నూరు గొంతులు.
ఇంగ్లీషుల మొదలుపెట్టి
నా "హలో" వినంగనే తెలుగుల దిగింది.
"అక్కా, ఏమనుకోకుండ్రి, పాత ఫైల్ల మీ నంబరుంది.
నూట నలభై ఖాతాలు నా ఒక్కదాని మీద,
ఖాతాకు పదకొండు నిమిషాలు.
ఈ అట్టముక్క ఫోటోల రోజూ ఒక గీత,
పక్కన 'పూచ్చ, ఒకటిన్నర'.
గూగుల్ పిల్లి అంటున్నది.
పిల్లి ఏ పద్దు కిందికి వస్తదక్కా?"

పిల్లే బిడ్డా.
హోటలు వెనుక బూడిద రంగుది, కుంటిది.
దానికి రోజూ పాలు.
నాలుగేండ్లు నేను
'ఎలుకల నివారణ' కింద రాసిన.
అబద్ధమైతే కాదు.

అవుతల నవ్వు, మధ్యల తెగింది.
ఎవరో టైమ్ గుర్తు చేసిండ్రు.
"ఇంకొక్కటక్కా. మజీద్ భాయ్ బాకీ
ఏడాదిగా కదలదు,
సిస్టమ్ కొట్టెయ్యమంటున్నది."
కొట్టెయ్యకు.
ఆయన పోయిండు, పోయిన రంజాన్‌ల.
కుంజుమోన్ ఆయన గ్లాసు ఇంకా తియ్యలే.

పెట్టేసే ముందు అడిగిన, జీతమెంత.
పద్దెనిమిది వేలు అన్నది.
అలవాటు కొద్దీ దిర్హాములల్లకు మార్చిన,
నూట నలభైతోని భాగించిన.
ఖాతాకు అయిదున్నర.
మిగిలిన తొంభై మూడున్నరను
ఏ పద్దుల వెయ్యాలెనో
బస్సు అల్ నహ్దా దాటేదాంక ఆలోచించిన.

నిన్న చాయ్‌కు పోయిన, గిరాకీ లెక్క.
పైసలిస్తే తీసుకోలే.
నేను చూస్తలేననుకొని
మూత మీద, పిల్లి కింద,
ఇంకో గీత గీసిండు.
'చేచీ, ఒకటి.'

వచ్చే నెల ఆ పిల్ల ఫోన్ చేస్తది.
చేచీ అంటే ఏందక్కా, ఏ పద్దు కింద రాయాలె అంటది.
పదకొండు నిమిషాలే ఉంటయి దానికి.