రెండు వేళ్ల లెక్క

పత్తికొండ మార్కెట్టుకు ఎదురుగా
మద్దిలేటి క్షౌరశాల.
బయట, కిలో అర్ధరూపాయికీ అడిగే దిక్కులేక
రోడ్డు మీద కుమ్మరించిపోయిన టమాటా.
పొద్దున్నుంచీ లారీ చక్రాలు ఎర్రగా తిరుగుతున్నాయి.

లోపల టీవీలో
తలుపులన్నీ మూసుకున్న ఎక్కడిదో ఒక దేశం.
లెక్కపెట్టలేనన్ని చక్రాల బండి మీద
తాటిమాను కన్నా పొడుగు క్షిపణిని
పెళ్లికొడుకు మాదిరి ఊరేగిస్తున్నారు.
కింద అక్షరాలు పరిగెత్తుతున్నాయి:
ఆంక్షలు, తిండి కొరత, మళ్లీ పరీక్ష.

గడ్డం నురగలో ఉన్న హుసేనప్ప మామ
అద్దంలో నుంచే చూసినాడు.
"ఆ ఊరు నాకు తెలుసురా."
"ఊరు కాదు మామా, దేశం."
"తలుపు మూసుకున్నాక
ఎంత పెద్దదైతే ఏముండాది?"

కప్పిన గుడ్డ కింద నుంచి
కుడిచేతికి మిగిలిన రెండు వేళ్లు బయటికొచ్చినాయి.
ఆయన లెక్కలన్నీ వాటి మీదనే.

"ఇంటికొక మూట శెనక్కాయలు.
అది పెద్దాయనకు కట్టాల. బందోబస్తు అనేటోళ్లం.
ఆ మూటలు ఆదోనికి పోయి
గంధకమై వచ్చేవి, పొటాషై వచ్చేవి,
సుతిలి దారం, గాజుపెంకులు, సీలలు.
మూడు మూటలకు ఇరవై కాయలు.
ఎనిమిదేండ్లు చుట్టినా.
ఒక్కటి గూడా నా చేతిలో పేలలేదు.

బస్సు నిలిపేసినారు.
అయ్యవారు రావడం మానుకున్నాడు.
మా ఊరి పేరు చెప్తే పక్కూరి సంతలో
తక్కెడ కింద పెట్టేటోళ్లు.
'చూడండప్పా, మనమంటే ఎంత భయమో'
అని పెద్దాయన మిద్దె మీద నుంచి అంటే
మేం చప్పట్లు కొట్టినాం.
ఆ పొద్దు మా యమ్మ తిక్కమ్మ
పొయ్యి మీద చింతగింజలు ఉడకేసింది.

కాయ ఊరికే ఉండదు అబ్బోడా.
పేలకపోయినా తింటాది.
ఎండకు దానికి నీడ కావాల,
వానకు పొడి ఇసక కావాల,
రాత్రికి మనిషి కావాల,
ఆ మనిషికి నిద్ర రాకూడదు.
నా ఇరవై అయిదో ఏడు ఎట్టుండెనో నాకే తెలీదు.
గడ్డివామి పక్కన కూచోనుంటి."

మద్దిలేటి కత్తి చెంప దగ్గరే ఆగిపోయింది.
"మరి కొట్లాట వచ్చిందా?"

"యాడొచ్చింది!
పెద్దాయన కర్నూలు ఆస్పత్రిలో
చక్కెర జబ్బుతో పోయినాడు, మెత్తని పరుపు మీద.
ఎన్ని కాయలు, యాడ పూడ్చిపెట్టించినాడో
ఆ లెక్క ఆయనతోనే పోయింది.
మూడేండ్లకు ఎర్రగడ్డల మడి తవ్వుతుంటే
మట్టిలో ఉండలాగా ఏదో.
చేత్తో తీసి తుడిచినా.
సుతిలి మీద ఎడమ మెలి ముడి.
నా ముడే. గుర్తుపట్టినా..."

మిగతాది చెప్పలేదు.
టీవీలో జనం చప్పట్లు.
"ఆ ఇనప గొట్టాన్ని చూస్తారేందిరా,
వాళ్ల దవడలు చూడండి.
మూడో వరసలో ఆ ముసలాయన,
ఎప్పుడు ఆపాలో తెలీక
పక్కోని చేతుల దిక్కు చూస్తుండాడు."

అప్పుడే కరెంటు పోయింది.
ఆ దేశమూ పోయింది, అద్దంలో మేమూ పోయినాం.

మద్దిలేటి కిటికీ తెరిచేలోపల
మామ లేచి రోడ్డు మీదికి పోయినాడు.
భుజం మీది తువ్వాల పరిచి
చక్రాలకు దొరకని కాయలను
ఎడమ చేత్తో కొన్ని, రెండు వేళ్లతో కొన్ని,
పగలకుండా ఒకటొకటే పెడుతున్నాడు.
గోధుమరంగు దుమ్ము మీద
ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా ఎత్తి
నన్ను అడిగినాడు:
"ఆ దేశంలో టమాటా పండుతాదంటావా?
పండితే
ఆడ ఎంత పలుకుతాదో?"

నాకు తెలీదు.
వంగి, ఆయనతోపాటు నేనూ ఏరడం మొదలుపెట్టినా.
నురగ ఇంకా ఆరలేదు.